కళాశాలలలో గణితబోధనము

(జాతీయ గణిత దినోత్సవ సందర్భమున ఒక డిగ్రీ కళాశాల గణితశాస్త్ర సంఘమువారి సభలో ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము)



గణితశాస్త్ర సంఘమువారు తమ సభకు ఒక న్యాయవాదిని పిలుచుట కొందరికి వింతగా తోచవచ్చును. పట్టభద్రుడనగుటకు నేను చదివిన మూడు విషయములలో గణిత మొకటి. తరువాత నల్లకోటు తొడిగి యిరువది యేండ్లుగా న్యాయస్థానముల మెట్లెక్కి దిగుచున్నాను. వాయిదాలు లేని దినములలో గ్రంథాలయోద్యమ సేవకుడనై పల్లెలలో సాయంకాలపు చదువులకు ఏర్పాట్లు చేయుచున్నాను. గణితమును బోధించు వృత్తి నాది కాదు. కావున బోధకులకు బోధింప సాహసింపను. కాని "రుజువు" అను మాట న్యాయస్థానమునకును గణితశాస్త్రమునకును ఉమ్మడి సొత్తు. ఆ యుమ్మడి సొత్తును గూర్చి మా పక్షమున చెప్పదగినది కొంత కలదు. దానినే నేడు తమ యెదుట విన్నవింతును.

న్యాయస్థానమున సాక్షి బోనెక్కి తన వాంగ్మూలమును తడబాటు లేకుండ చెప్పినంతమాత్రమున న్యాయాధిపతి దానిని రుజువుగా గ్రహింపడు. ఎదుటి పక్షపు ప్లీడరు లేచి అడ్డుప్రశ్నలు వేయును. "ఆ సమయమున దీపమున్నదా? ఎంత దూరమునుండి చూచితివి? నడుమ గోడ అడ్డము లేదా?" అని యడుగును. కన్నులార చూచినవాడు ఈ ప్రశ్నలకు తన మాటలతో బదులు చెప్పగలడు. ఎవరో వల్లెవేయించిన సాక్షి రెండవ ప్రశ్నకే తెల్లబోవును. లేదా మొదట చెప్పిన మాటలనే మరల అప్పగించును. ఇట్టివానిని గుర్తించుటకు మా వృత్తిలో పెద్ద తెలివి అక్కరలేదు.

ఇప్పుడు మన డిగ్రీ కళాశాలలోని గణిత తరగతిని చూడుడు. సిద్ధాంతమునకు రుజువు ఉపాధ్యాయుని నోటుపుస్తకమునుండి నల్లబల్ల మీదికి వచ్చును. నల్లబల్లనుండి విద్యార్థి నోటుపుస్తకములోనికి దిగును. అందుండి పరీక్షనాడు జవాబుపత్రము మీదికి ఎక్కును. ఈ ప్రయాణమంతటిలో దానికి అడ్డుప్రశ్న వేసినవారు పలుచోట్ల ఒక్కరును ఉండరు. వాంగ్మూలమున అక్షరము తప్పకున్నచో పూర్తి మార్కులు వచ్చును. న్యాయస్థానము త్రోసివేయునట్టి సాక్ష్యమునకు మన పరీక్షలు ప్రథమశ్రేణి నిచ్చుచున్నవి. నేను చెప్పవచ్చినదంతయు ఒక్క మాటలో నిమిడియున్నది: గణితబోధన బాగుపడవలెనన్నచో తరగతిలో అడ్డుప్రశ్నకు చోటుండవలెను, పరీక్షలో దానికి మార్కులుండవలెను.

మా సాయంకాలపు తరగతులలో పిల్లలకు లెక్కలు చెప్పుటకు ఒక పట్టభద్రురాలు స్వచ్ఛందముగా వచ్చుచుండెను. కూలి కుటుంబమున పుట్టి, ఆ యింట మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కిన బిడ్డ. గణితమున మంచి మార్కులు తెచ్చుకొన్నది. ఒకనాడు మాటల నడుమ రోల్ సిద్ధాంతము ప్రస్తావనకు వచ్చినది. మూడు నిబంధనలను, రుజువును పొల్లుపోకుండ అప్పగించినది. "రెండవ నిబంధనను తీసివేసినచో ఏమగునమ్మా?" అని యడిగితిని. కొంతసేపు ఆలోచించి, "ఆ ప్రశ్న మా పరీక్షలో ఎప్పుడును రాలేదండీ" అని బదులు చెప్పినది. ఆమె తెలివికి లోపము లేదు. మూడేండ్ల చదువులో ఆ ప్రశ్నను ఆమె నెవరును అడిగియుండలేదు. లోపమంతయు అక్కడనే యున్నది.

ఆ ప్రశ్నకు జవాబు కష్టమైనది కాదు. ఒక ప్రమేయము ఒక సంవృతాంతరముపై అవిచ్ఛిన్నమై, లోపలి బిందువులన్నిటియందును అవకలనీయమై, రెండు కొసలయందును సమానమైన విలువ కలదైనచో, నడుమ నెక్కడనో యొకచోట దాని స్పర్శరేఖ నేలకు సమాంతరముగా నుండునని రోల్ సిద్ధాంతము చెప్పుచున్నది. ఇక మైనస్ ఒకటినుండి ఒకటివరకు మాడ్యులస్ ఎక్స్ అను ప్రమేయమునకు బొమ్మ గీయుడు. రెండు వాలుగీతలు క్రిందికి దిగి సున్నయొద్ద మొనగా కలియును. కొసలు రెండును ఒకే యెత్తున నున్నవి. గీత ఎక్కడను తెగలేదు. కాని సున్నయొద్ద మొన యుండుటచే అచ్చట అవకలనీయము కాదు. నేలకు సమాంతరమైన స్పర్శరేఖయో, వెదకినను దొరకదు. నిబంధన యొకటి జారగానే ఫలితమును జారిపోయినది. ఈ బొమ్మను తన చేత గీసిన విద్యార్థికి ఆ నిబంధన అక్కడ నేల కూర్చున్నదో జన్మలో మరపునకు రాదు.

న్యాయశాస్త్రము నేర్చువారికి మేము చేయించునదియు నిదియే. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 303వ సెక్షనులో దొంగతనమునకు నిర్వచనము కలదు. వస్తువు చరాస్తియై యుండవలెను, ఇతరుల స్వాధీనములో నుండవలెను, వారి సమ్మతి లేకుండవలెను, తీయువానికి దురుద్దేశ ముండవలెను, వస్తువును కదలించియుండవలెను. ఈ యైదంశములను వల్లించినవాడు ప్లీడరు కాజాలడు. "వస్తువు తనదేయని నిజముగా నమ్మి తీసికొన్నచో? ఆసామి సమ్మతించియే యున్నచో?" అని యొక్కొక్క అంశమును తీసివేసి చూచిననాడే ఆ సెక్షను అతనికి స్వాధీనమగును. సిద్ధాంతములోని నిబంధనలకును సెక్షనులోని అంశములకును ఈ విషయమున భేదము లేదు.

వాస్తవ విశ్లేషణలో విద్యార్థులను మిక్కిలి భయపెట్టునది అవధి నిర్వచనము. ఎప్సిలాన్, డెల్టా అను రెండు గ్రీకు అక్షరములను చూచి, "ఇది మన తలకెక్కునది కాదు" అని మంచి పిల్లలు సైతము చేతులెత్తివేయుదురు. దీనినే వాది ప్రతివాదుల వ్యవహారముగా నడిపి చూడుడు. ఒక విద్యార్థిని లేచి, "ఎక్స్‌ను రెట్టించు ప్రమేయము, ఎక్స్ అయిదును సమీపించినపుడు పదిని సమీపించును" అని వాదించును. మరియొక విద్యార్థి ప్రతివాదియై, "పదికి నూరవ వంతు దూరములోపలికి తెమ్ము" అని హద్దు గీయును. "ఎక్స్‌ను అయిదునకు రెండువందలవ వంతు దూరములోపల నుంచుము, వచ్చును" అని యామె బదులు చెప్పును. అతడు వేయవ వంతనినచో ఆమె రెండువేలవ వంతనును. అతడెంత సన్నని హద్దు గీసినను అందులో సగము చూపిన చాలునని మూడవ మారునకు తరగతికంతటికి తెలిసిపోవును. ప్రతివాది గీసిన హద్దు ఎప్సిలాన్. వాది ఇచ్చిన జవాబు డెల్టా. ఆమీదట సున్నయొద్ద ఒక్కసారిగా సున్ననుండి ఒకటికెగురు మెట్టువంటి ప్రమేయమును వాదికిచ్చి గెలువుమనుడు. ప్రతివాది సగమను హద్దు గీసి కూర్చున్నచో వాది యెన్నటికిని గెలువలేదు. పదునైదు నిమిషముల ఈ వ్యవహారము, నల్లబల్లపై నిర్వచనమును పదిమారులు వ్రాసినదానికంటె నెక్కువ పనిచేయును.

ఇట్లేల జరుగుట లేదని విచారించినచో, ఉపాధ్యాయులను దోషులుగా బోనెక్కించుట న్యాయము కాదు. సెమిస్టరు చిన్నది, పాఠ్యప్రణాళిక పెద్దది. మూడునాలుగేండ్ల పాత ప్రశ్నపత్రములను చూచినవారికి రాబోవు ప్రశ్నపత్రము చాలవరకు తెలిసిపోవును. బజారులో గైడు సిద్ధముగా నున్నది. తమ కొలువు వచ్చు సంవత్సరము నిలుచునో నిలువదో తెలియని కాంట్రాక్టు, అతిథి అధ్యాపకులు పెక్కు కళాశాలలలో పాఠములు చెప్పుచున్నారు. ఉత్తీర్ణుల సంఖ్య తగ్గినచో సంజాయిషీ వారినే యడుగుదురు. భౌతికశాస్త్రమునకును రసాయనశాస్త్రమునకును ప్రయోగశాలలు కలవు. విద్యార్థి చేయి కాల్చుకొనియైనను స్వయముగా కొంత చేయును. గణితమునకు పలుచోట్ల నల్లబల్ల మాత్రమే గతి. ఇట్టి స్థితిలో ఉపాధ్యాయుడు పరీక్షకు పనికివచ్చునదే చెప్పుట మానవసహజము. కావుననే పరీక్షను విడిచి బోధనను మాత్రము సంస్కరింపబూనినచో ఫలము కలుగదని మనవి చేయుచున్నాను.

ఈ లోపము కళాశాల గోడలలో నిలిచిపోవునదియైనచో నేనింత దూరము రాకపోదును. నేటి బి.యస్సీ. గణిత విద్యార్థులలో పెక్కుమంది బి.ఇడి. చేసి రేపు ఉన్నత పాఠశాలలలో గణితోపాధ్యాయులగుదురు. తమకు రుజువు ఏ రీతిగా వచ్చినదో ఆ రీతిగానే వారు పిల్లలకు అందింతురు. భిన్నమును భిన్నముతో భాగించునప్పుడు రెండవదానిని తలక్రిందులు చేసి గుణింపుమని చెప్పుదురు; ఏలయని యడిగిన పిల్లవానిని కూర్చుండుమందురు. ఆ పిల్లవాడు తనకు లెక్కలు రావని నిశ్చయించుకొని బడి విడుచును. సాయంకాలపు తరగతులలో మా కెదురగువారు ఇట్టి బిడ్డలే. పల్లెబడిలోని మౌనమునకు వేరు డిగ్రీ తరగతిలోని మౌనమందున్నది.

అడుగుట మనకు క్రొత్త విద్య కాదు. పావులూరి మల్లన యెన్నో శతాబ్దముల క్రిందటనే మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కను పద్యములో పొదిగి, దీని ఫలమేమో చెప్పుమని చదువరిని పలుకరించుట మన ప్రాచీన గణితగ్రంథముల రీతి. పూర్వుల పేరు చెప్పి తృప్తిపడుట నా యుద్దేశము కాదు. ఆ రీతిని మనము పోగొట్టుకొంటిమని మాత్రమే జ్ఞాపకము చేయుచున్నాను.

సమీపకాలమునుండి ఒక దృష్టాంతము చెప్పెదను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, ఇరువది నాలుగేండ్ల ప్రాయము దాటకముందే కలకత్తాలో సంఖ్యాశాస్త్ర పాఠములు చెప్పుచుండిరి. పరిశీలనల సంఖ్య చాల పెద్దదైనప్పుడు అంచనాలోని దోషమునకు ఫిషర్ ఇచ్చిన ఫలితమును ఆయన ఒకనాడు తరగతిలో వివరించిరి. "సంఖ్య పరిమితమైనపుడు దీనికి సమానమైన ఫలితమును చూపరాదా?" అని ఒక విద్యార్థి యడిగెను. రావుగారు ఆ ప్రశ్నను కసరి త్రోసివేయలేదు. ఆ రాత్రి కూర్చుండి సాధించి మరునాడు తరగతిలో రుజువు చూపిరి. 1945లో ప్రచురితమైన ఆ ఫలితమే నేడు ప్రపంచమంతట క్రామర్-రావు అసమానతయని పిలువబడుచున్నది. 2023లో, ఆయనకు నూరేండ్లు దాటిన పిదప, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము లభించినపుడు పేర్కొనబడిన కృషిలో నిదియు నొకటి. విద్యార్థి నోరు మెదపని తరగతిలో అది పుట్టియుండునా?

మరి శ్రీనివాస రామానుజన్‌కు ఏ గురువు ప్రశ్నలు వేసెనని కొందరడుగవచ్చును. కార్ అను నాంగ్లేయుడు కూర్చిన పుస్తకము ఆయన చేతికి చిక్కెను. అందు వేలకొలది ఫలితములు కలవు. రుజువులు చాలవరకు లేవు. ఆ లేమియే యాయనకు గురువైనది. ఒక్కొక్క ఫలితమును తానే సాధించుకొనవలసివచ్చెను. అట్టి మేధావి ఇతర విషయములలో తప్పి ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయెను. 1913లో హార్డీకి వ్రాసిన లేఖయే ఆయనను లోకమునకు తెలిపెను. రామానుజన్ వంటివాడు తనకు తానే ప్రశ్నలు వేసికొనగలడు. మనవంటి సామాన్యులకు వేయువారు కావలెను. కళాశాల ఉన్నది అందుకొరకే.

ఇతర దేశములలోని యనుభవమును గూడ పరిశీలింతము. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయమున 1920నుండి దాదాపు ఏబదియేండ్లు బోధించిన ఆర్. ఎల్. మూర్ తన విద్యార్థులకు నిర్వచనములను, సిద్ధాంతములను మాత్రమే యిచ్చి, పుస్తకము చూడక రుజువులను తామే తెచ్చి బల్లయొద్ద నిలిచి చెప్పుమనెడివాడు. తక్కినవారు తప్పు పట్టెడివారు. ఆ తరగతులనుండి గొప్ప గణితవేత్తలు వెలువడిరి. కాని యాయన నల్లజాతి విద్యార్థులను తన తరగతిలో చేర్చుకొన నిరాకరించెను. 2020లో విశ్వవిద్యాలయమువారు ఆయన పేరును భవనమునుండి తొలగించిరి. బోధనాపద్ధతి ఎంత గొప్పదైనను, తలుపు కొందరికి మూసియున్నచో అది విద్య యనిపించుకొనదు. మన తరగతిలో వెనుక బల్లలను గూర్చియు ఈ మాటనే జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ తలుపును తెరచినవాడు యూరి ట్రైస్‌మన్. 1970వ దశకమున కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థులు కలనగణితమున పెక్కుమంది తప్పుచుండుటకు కారణము వెదకెను. వారికి శ్రద్ధ లేదనియు, ఇంటివారి ప్రోత్సాహము లేదనియు బోధకులనుకొనుచుండిరి. ఆయన వారి వెంట తిరిగి చూడగా సంగతి వేరుగా నుండెను. వారు కష్టపడి చదువుచుండిరి. కాని యొంటరిగా చదువుచుండిరి. బాగుగా నెగ్గుచున్న చీనా సంతతివారు కలసి కూర్చుండి, ఒకరి లెక్క నొకరు దిద్దుకొనుచు చదువుచుండిరి. అప్పుడాయన వెనుకబడినవారికి తేలిక పాఠములు పెట్టుటకు మారుగా, కఠినమైన లెక్కలిచ్చి గుంపులుగా కూర్చుండబెట్టెను. ఫలితములు స్పష్టముగా మెరుగుపడెను. వెనుకబడినవానికి దయతో చులకన పని యిచ్చుట మేలు కాదని, నమ్మకముతో గట్టిపని యిచ్చుటయే మేలని దీనివలన తెలియుచున్నది.

2014లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్ పత్రికలో, విజ్ఞాన, సాంకేతిక, గణిత శాఖలలో జరిగిన 225 పరిశోధనలను కలిపి తూచిన వ్యాసము వెలువడెను. ఉపన్యాసము మాత్రమే వినిన తరగతులలో నూటికి సుమారు 34 మంది తప్పగా, విద్యార్థులు తామే పనిచేసిన తరగతులలో సుమారు 22 మంది తప్పిరి. అయినను ఒక హెచ్చరిక కలదు. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతులలో చేసిన పరీక్షలో, తామే పనిచేసిన విద్యార్థులు ఎక్కువ నేర్చికొనిరి; కాని తక్కువ నేర్చికొన్నట్లు భావించిరి. చక్కని యుపన్యాసము వినుట సుఖముగా నుండును; తడబడుచు వెదకుట శ్రమగా నుండును. ఆ శ్రమ చూచి విద్యార్థి బెదరకూడదు, ఉపాధ్యాయుడు వెనుదీయకూడదు.

ఇది ధనిక దేశములకే చెల్లునని యెవరైన ననినచో, మనదేశమునందే జవాబు కలదు. 1993లో ఆచార్య ఎస్. కుమరేశన్ గారు ప్రారంభించిన గణిత శిక్షణ కార్యక్రమము వేసవి సెలవులలో నాలుగు వారములపాటు జరుగుచున్నది. అది ఎమ్.టి.టి.ఎస్. అను పేర ప్రసిద్ధము. ఆయన తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమునను ఆచార్యులుగా నుండిరి. అచ్చట ఉపాధ్యాయుడు రుజువును ముగించి యిచ్చుటకు తొందరపడడు. ప్రశ్నపై ప్రశ్న వేసి విద్యార్థులచేతనే చెప్పించును. దానికి కావలసినవి ఒక గది, ఒక నల్లబల్ల, ఓర్పుగల యుపాధ్యాయుడు. ఇవి మన కళాశాలలకు అందరాని వస్తువులు కావు.

కావున నాలుగు పనులను తమ ముందుంచుచున్నాను. మొదటిది, ప్రతి తరగతిలో చివరి పది నిమిషములు అడ్డుప్రశ్నలకే వదలవలెను. "ఈ నిబంధన తీసివేసినచో ఏమగును? దీని విపర్యయము నిజమా? ఒక ఉదాహరణ చెప్పుము" అను మూడు ప్రశ్నలు ఏ సిద్ధాంతమునకైనను చెల్లును. రెండవది, వారమున కొకమారు విద్యార్థులు నలుగురైదుగురు చొప్పున కూర్చుండి గట్టి లెక్కలు చేయవలెను. ఉపాధ్యాయుడు నడుమ తిరుగుచు జవాబు చెప్పక త్రోవ మాత్రము చూపవలెను. మూడవది, సెమిస్టరులో నొకమారైనను ప్రతి విద్యార్థియు నల్లబల్లయొద్ద ఒక రుజువు చెప్పి తోటివారి ప్రశ్నలకు బదులీయవలెను. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: ప్రశ్నపత్రమున నాలుగవవంతు మార్కులు మున్నెన్నడును చూడని ప్రశ్నలకుండవలెను. తప్పు రుజువు నొకదానిని అచ్చువేసి, ఏ పంక్తిలో తప్పున్నదో చూపుమని యడుగవచ్చును. ఆ జవాబు ఏ గైడులోను దొరకదు.

పాఠ్యప్రణాళిక పూర్తికాదని మొదటి యాక్షేపణ వచ్చును. పూర్తియగుటయనగా నేమని నేనెదురు ప్రశ్న వేయుదును. బల్లపై వ్రాయబడుటయా, బుద్ధిలో నాటుకొనుటయా? సెమిస్టరులో ఇరువది సిద్ధాంతముల రుజువులున్నచో, ఎనిమిదింటిని తరగతిలో తరచి చూచి, తక్కినవానిని చదువుకొని రమ్మనుడు. ఎనిమిదింటిని నిజముగా గ్రహించినవాడు తొమ్మిదవదానిని తానే చదువగలడు. ఇరువదింటిని వల్లించినవాడు ఇరువదియొకటవదానియొద్ద నిలిచిపోవును.

భాషను గూర్చి ఒక్క మాట. డిగ్రీ స్థాయిలో తెలుగు పాఠ్యగ్రంథములు సిద్ధపరచుటకు 1968లో తెలుగు అకాడమి యేర్పడెను. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డిగ్రీ తరగతులన్నిటిని ఆంగ్లమాధ్యమమునకు మార్ప నిర్ణయించెను. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు నేడు మన విచారణలో లేవు. పరీక్ష ఏ భాషలో వ్రాసినను, సందేహము మాత్రము మాతృభాషలోనే పుట్టును. ఆంగ్లవాక్యము కూర్చుకొనులోపల ప్రశ్న చచ్చిపోవుచున్నది. అడుగుటకును, వాదించుటకును తెలుగునకు తరగతిలో సంపూర్ణ స్వేచ్ఛ నిండు. వాదము తేలిన పిదప దానిని ఆంగ్లమున చక్కగా వ్రాయుట నేర్పుడు. కక్షిదారు తన గోడును తెలుగున చెప్పుకొనును. ప్లీడరు దానిని ఆంగ్లమున దావాగా వ్రాయును. గోడు లేనిదే దావా లేదు.

విద్యార్థులారా! ఉపాధ్యాయులు మారువరకు, విశ్వవిద్యాలయము మారువరకు మీరు వేచియుండ నక్కరలేదు. రేపటి తరగతిలో బల్లపైకెక్కు రుజువును చూచి, ఏ నిబంధన ఏ పంక్తిలో వాడబడినదో గుర్తుపెట్టుడు. ఎక్కడను వాడబడని నిబంధన కనబడినచో లేచి యడుగుడు. ఉపాధ్యాయులారా! ఆ బిడ్డ లేచి నిలిచినపుడు గడియారము వంక చూడకుడు. జవాబు తమకు వెంటనే తోచకున్నచో, రేపు కలసి చూతమని చెప్పుడు. దానివలన తమ గౌరవము తరుగదు. కలకత్తాలో ఒక తెలుగు బోధకుడు ఒక రాత్రి వ్యవధి తీసికొనెను. అందువలన శాస్త్రమే పెరిగెను.

నా మనవి యింతటితో ముగించుచున్నాను. ఇక అడ్డుప్రశ్నలు వేయుట తమ వంతు.